తేడాకు ముప్పై రెండు లేదు

జనవరిలో ఒక ఉదయం డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ ముప్పై డిగ్రీలు పడిపోయింది. రేపు పిల్లాణ్ణి బడికి పంపను" అంది. మేం అప్పుడు ముసునూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఈసారి రసాల చెట్లకు పూత ఎలా వచ్చింది, తేనెమంచు పురుగు తగిలిందా లేదా అని మాట్లాడుకుంటున్నాం. ముప్పై అనగానే మా అత్తగారు కంగారుపడిపోయారు. మాకు జనవరి మధ్యాహ్నం ఉండేదే ముప్పై డిగ్రీలు. అందులోంచి ముప్పై తీసేస్తే ఇంకేం మిగులుతుంది, మంచుగడ్డ తప్ప? మా అబ్బాయి కూతురు గబగబా ఫోన్‌లో 30 ఫారన్‌హీట్ అని కొట్టి, "మైనస్ ఒకటి అని వస్తోంది నానమ్మా" అంది. పడిపోయింది మైనస్ ఒకటి అంటే తగ్గినట్టా, పెరిగినట్టా? అందరూ నా వైపు చూశారు. థర్మామీటరు పట్టుకుని బతికినదాన్ని నేనే కదా ఆ ఇంట్లో.

అక్కడ పడిపోయింది మన లెక్కలో దాదాపు పదిహేడు డిగ్రీలు. కచ్చితంగా 16.7. అది కూడా చిన్న చలేం కాదు, కానీ ముప్పై మాత్రం కాదు, మైనస్ ఒకటి అసలే కాదు.

ఫోన్ అబద్ధం చెప్పలేదు. ఫారన్‌హీట్‌లో ముప్పై దగ్గర ఉంటే సెల్సియస్‌లో ఎంత అని అడిగితే మైనస్ ఒకటి దగ్గర అని చెప్పింది. మేం తెలుసుకోవాలనుకున్నది, ముప్పై తగ్గితే ఎంత తగ్గినట్టు అని. ఉండటం వేరు, తగ్గటం వేరు. మొదటి ప్రశ్నకు 32 తీసేసి 5తో హెచ్చవేసి 9తో భాగించాలి. రెండో ప్రశ్నకు ఆ 32 ఊసే లేదు, 5తో హెచ్చవేసి 9తో భాగిస్తే చాలు. ఈ చిన్న సంగతి దగ్గర మనుషులు తడబడటం నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను. పత్రికలు తడబడటం ఇప్పుడు చూస్తున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను ఇరవై తొమ్మిదేళ్లు ఏఎన్‌ఎంగా చేశాను. గోపవరం, రమణక్కపేట, లోపూడి, బలివే అంటూ ఎండలో తిరిగిన కాళ్లు ఇవి. నా సంచీలో ఎప్పుడూ రెండు కొలతలు ఉండేవి. జ్వరం చూసేది ఫారన్‌హీట్‌లో. టీకాల లెక్క సెల్సియస్‌లో. టీకా మందు ఉండే ఫ్రిజ్‌లో వేడి 2 నుంచి 8 లోపల ఉండాలని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుస్తకంలో రాసేవాళ్లం. మధ్యలో ఉన్నది ఆరు డిగ్రీల సందు. ఆ సందు దాటి పైకి పోతే మందు పని చేయదు, కింద గడ్డకడితే పెంటావలెంట్ లాంటి టీకాలు పాడవుతాయి. అదే రోజు అదే చేత్తో ఎవరి పిల్లాడి చంకలోనో థర్మామీటరు పెట్టి "నూట రెండు" అనేదాన్ని. ఒక పూటలో రెండు లోకాల్లో తిరిగేదాన్నన్న మాట.

నేనే కాదు, తెలుగు ఇళ్లన్నీ అలాగే బతుకుతున్నాయి. జ్వరం నూట మూడు, ఎండ నలభై మూడు. అంకె వినగానే ఇది ఒంటి సంగతా, ఊరి సంగతా అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. నూట మూడు డిగ్రీల ఎండ అని మన ఊళ్లో ఎవరూ అనరు, నలభై డిగ్రీల జ్వరం అని అనరు. కానీ "రెండు డిగ్రీలు పెరిగింది" అన్నప్పుడు? ఆ రెండు ఏ రెండో అంకె చూసి పోల్చుకోలేం. ఇక్కడే వస్తుంది చిక్కు.

ఈ చిక్కుకు ఒక పోలిక చెబుతాను. మా నాన్నగారు భూమి కాగితాలు బాగా చదివేవారు. మా పొలం అడంగల్ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో ఉండేది. ఫసలీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా. మామూలు సంవత్సరానికీ దానికీ 590 తేడా. ఫలానా ఫసలీ ఏ సంవత్సరం అని తెలియాలంటే 590 కలపాలి. కానీ ఫసలీ 1394 నుంచి 1434 దాకా ఈ చేను మా సాగులో ఉంది అని రాసి ఉంటే, ఎన్నేళ్లు? నలభై ఏళ్లు. ఆ నలభైకి 590 కలిపి, ఆరు వందల ముప్పై ఏళ్లుగా దున్నుతున్నామని ఏ రైతూ అనడు. లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నది ఒక సంవత్సరం పేరు చెప్పడానికి కావాలి. మధ్యలో ఎంత కాలం గడిచిందో చెప్పడానికి అక్కర్లేదు. ఫారన్‌హీట్‌లోని 32 కూడా ఆ 590 లాంటిదే.

అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఫసలీ ఏడాదీ మామూలు ఏడాదీ ఒకే పొడుగు. డిగ్రీలు అలా కావు. మంచు కరిగే చోటికీ నీళ్లు మరిగే చోటికీ మధ్య సెల్సియస్ వంద గీతలు గీస్తే, ఫారన్‌హీట్ 32 నుంచి 212 దాకా నూట ఎనభై గీతలు గీస్తుంది. అంటే ఫారన్‌హీట్ డిగ్రీ చిన్నది. అయిదు మైళ్ల దారి ఎనిమిది కిలోమీటర్లు అయినట్టే, కొలిచే గీత చిన్నదైతే అంకె పెద్దదవుతుంది. సెల్సియస్‌లో ఒక డిగ్రీ తేడా ఫారన్‌హీట్‌లో 1.8. నోటిలెక్కకు నేను మా ఆశా కార్యకర్తలకు ఒక దారి చెప్పేదాన్ని: సెల్సియస్ తేడాను రెట్టింపు చేయండి, వచ్చినదాంట్లో పదో వంతు తీసేయండి. నాలుగున్నరకు రెట్టింపు తొమ్మిది, అందులో పదో వంతు పోతే 8.1. కాగితం అక్కర్లేదు.

ఫారన్‌హీట్ గారు తన కొలతను 1724లో ప్రకటించారు, స్వీడన్‌లో సెల్సియస్ గారు 1742లో. సెల్సియస్ మొదట పెట్టింది తిరగేసిన కొలత. నీళ్లు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట వంద. ఆయన పోయాక దాన్ని ఇప్పుడున్నట్టు తిప్పారు. ఆ తిరగేసిన కొలతలో కూడా రెండు వేడిమిల మధ్య దూరం ఇప్పుడెంతో అప్పుడూ అంతే. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక వానాకాలం రాత్రి పక్క ఊరి నుంచి ఒక చిన్నతల్లి ఫోన్ చేసింది. అప్పటికి పాదరసం గొట్టాలు పోయి, బ్యాటరీ థర్మామీటర్లు ఇళ్లకు వచ్చాయి. "నర్సమ్మగారూ, బాబుకి ఒళ్లు కాలిపోతోంది. కొత్తది కొన్నాం కదా, దాంట్లో ముప్పై ఎనిమిదిన్నరే చూపిస్తోంది. నూరు దాటలేదు కదండీ, పడుకోబెట్టనా?" అంది. మీట కాస్త ఎక్కువసేపు నొక్కితే కొన్ని థర్మామీటర్లు ఒక కొలత నుంచి ఇంకో కొలతలోకి మారిపోతాయి. ముప్పై ఎనిమిదిన్నర అంటే 101.3. తడిగుడ్డ వేయమ్మా, నేను వస్తున్నా అని చెప్పి, మా అబ్బాయిని బండి తీయమన్నాను. సిరప్ పట్టించి, చీటీ మీద 101.3 అని రాసి వచ్చాను. మర్నాడు వాళ్లు ఆ చీటీ పట్టుకుని డాక్టరుగారికి చూపించి, "రాత్రికీ ఇప్పటికీ ఒకటిన్నర డిగ్రీ తగ్గిందండీ" అన్నారట. ఆయన 101.3లోంచి ఒకటిన్నర తీసేసి, ఇంకా 99.8 ఉంది, మందు కొనసాగించండి అన్నారు. నిజానికి బాబు 37కు వచ్చేశాడు, అంటే 98.6. తగ్గింది ఫారన్‌హీట్‌లో 2.7.

ఆ రోజు నష్టమేమీ జరగలేదు. కానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ ఒకటిన్నర తగ్గకుండా పెరిగి ఉంటే? 38.5 కాస్తా 40 అయ్యేది, అంటే 104. "ఒకటిన్నర పెరిగింది" అని చెబితే వినేవాళ్లు 102.8 అనుకుంటారు. 102.8కి సిరప్ వేసి చూద్దామంటారు. 104కి అలా అనరు.

పుట్టిన పిల్లల దగ్గర ఇది ఇంకా సన్నని దారి. పసికందు ఒంటి వేడి 36.5 నుంచి 37.5 లోపల ఉండాలి. మొత్తం సందు ఒక్క డిగ్రీ సెల్సియస్. ఫారన్‌హీట్‌లో 97.7 నుంచి 99.5, అంటే 1.8. "ఒక డిగ్రీయే కదా తగ్గింది" అన్నమాట సెల్సియస్‌లో అన్నదైతే, పైచివర ఉన్న బిడ్డ కిందిచివరకు వచ్చేసినట్టు. కిందిచివర ఉన్న బిడ్డ అయితే చల్లబడిపోయినట్టు. అప్పుడు ఆ బిడ్డను తల్లి గుండెకు ఆనించి కట్టాలి, ఆలస్యం పనికిరాదు.

2015 మే నెల ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. ఆ ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. మామిడికోతలు అప్పుడే. చిక్కం కర్ర పట్టుకుని చెట్టు కింద నిలబడేవాళ్లు, గంపలు మోసేవాళ్లు, లారీల్లో గడ్డి పరిచి కాయ సర్దేవాళ్లు, అందరూ రోజుకూలీలే. పని మానితే ఆ పూట పొయ్యి వెలగదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కిందకి ఒకాయన్ని మోసుకొచ్చారు. చెమట ఆగిపోయింది, మాట తడబడుతోంది. తడి చీరలు కప్పి, విసురుతూ, 108కి ఫోన్ చేయించాను. కూడా వచ్చిన మేస్త్రి, "మూడు డిగ్రీలు ఎక్కువుందంటే అంత ప్రమాదమా అమ్మా? నాకూ పోయినేడు మూడు ఎక్కువొచ్చి మాత్రతో తగ్గింది" అన్నాడు. అతనికి వచ్చింది ఫారన్‌హీట్‌లో మూడు, 98.6 మీద మూడు, అంటే 101.6. చెట్టు కింద పడుకున్నాయనకు పెరిగింది సెల్సియస్‌లో మూడు. 37 మీద మూడు, 40. అంటే 104. ఒంటి వేడి 40కి చేరి మాట తడబడిందంటే అది వడదెబ్బలో ప్రాణం మీదకు వచ్చే మెట్టు. ఒకే మూడు, ఒకదానికి మాత్ర, ఇంకోదానికి ఆసుపత్రి. అంత హడావుడిలో ఆ మేస్త్రికి లెక్క చెప్పే తీరిక నాకు లేకపోయింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇది ఒంటి గొడవ అయితే, పంట గొడవ కూడా ఒకటుంది. మా తమ్ముడు కొందరితో కలిసి మామిడికాయ చల్లగదుల వ్యాపారం పెట్టాడు. నూజివీడు చుట్టుపక్కల, అంటే మా ముసునూరు, ఆగిరిపల్లి, చాట్రాయి వైపు తోటల్లో చిన్నరసం, పెద్దరసం ఇంటికీ చుట్టాలకూ ఎంత పేరున్నా, దూరం పంపడానికి బంగినపల్లే ఆధారం. ఒక ఏడాది బయటి దేశానికి పంపే ఒక వ్యాపారి, పేరు అనవసరం, ఒక కాగితం పంపాడు. కోసిన కాయను ముందు 68 దగ్గర పెట్టండి, తర్వాత ఇంకో తొమ్మిది డిగ్రీలు దించి, బండి వచ్చేదాకా అలాగే ఉంచండి అని. గది మీటరు సెల్సియస్‌లో ఉంటుంది. 68ని మావాళ్లు ఫోన్‌లో చూసి 20 అని సరిగ్గానే పెట్టారు. తొమ్మిది డిగ్రీలు దించమన్నాడు కదా, 20లోంచి తొమ్మిది దించారు. 11.

దించాల్సింది అయిదు. గది 15 దగ్గర ఆగాలి.

పచ్చి మామిడికాయకు పన్నెండు, పదమూడు డిగ్రీల కిందకు పోతే చలిదెబ్బ తగులుతుంది. గదిలో ఉన్నన్నాళ్లు ఏమీ కనిపించదు, అదే దాని మాయ. బయటకు తీసి రెండు మూడు రోజులు కాగానే తొక్క బూడిదరంగు తిరుగుతుంది, చుక్కలు నల్లబడతాయి, ఒక చెంప పండి ఇంకో చెంప రాయిలా ఉంటుంది. కోసి తింటే తీపీ ఉండదు, వాసనా ఉండదు. బండి ఆలస్యమై పన్నెండు రోజులు ఆ గదిలో ఉన్న కాయ అంతా అలాగే తేలింది. ఏడాది పొడుగునా బిడ్డలా సాకిన తోట. జనవరిలో పూతకు మందు కొట్టి, మార్చిలో పిందె రాలకుండా తడిపెట్టి, ఏప్రిల్ ఈదురుగాలికి దేవుడికి దణ్ణం పెట్టుకుని నిలబెట్టుకున్న కాయ. మా తమ్ముడు ఆ రాత్రి అన్నం తినలేదు. నేను కాగితం చేతిలోకి తీసుకుని చూస్తే, 9 పక్కన ఎఫ్ అన్న అక్షరం లేదు. 68 పక్కన ఉంది. 9 పక్కన లేదు.

చూడండి, మా మనవరాలు చేసిన తప్పూ, ఈ గది తప్పూ ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి. తను తేడాలోంచి 32 తీసేసింది. వీళ్లు తేడాను మార్చకుండానే వాడుకున్నారు. బళ్లో సూత్రం నేర్పుతారు, పిల్లలు గడగడా అప్పజెబుతారు. మా మనవరాలి నోట్సులో సూత్రం ఎర్రసిరాతో పెట్టె కట్టి ఉంది. దాని కింద "ఇది వేడి ఎంత ఉందో చెప్పడానికే, ఎంత మారిందో చెప్పడానికి కాదు" అన్న ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం నేనే రాశాను.

పత్రికల మాటకు వస్తాను, ఎందుకంటే సంపాదకులారా, ఊళ్లో జనం నమ్మేది మిమ్మల్నే. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక యుగం ముందటికంటే సుమారు 1.55 డిగ్రీల సెల్సియస్ ఎక్కువైందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఫారన్‌హీట్‌లో అది 2.8. అలాంటి వార్తే ఒకచోట చదివాను, ఒకటిన్నర డిగ్రీలు, అంటే 34.7 ఫారన్‌హీట్ పెరిగిందని రాశారు. 2015 పారిస్ ఒప్పందంలోని 1.5, 2 డిగ్రీలు ఫారన్‌హీట్‌లో 2.7, 3.6. 34.7 పెరిగితే ఈ భూమ్మీద మామిడి చెట్టు కాదు, ముళ్లకంప కూడా మిగలదు. చదివినవాళ్లు రెండే రకాలు. నమ్మి బెదిరిపోయేవాళ్లు, నమ్మలేక వార్త మొత్తాన్నీ కొట్టిపారేసేవాళ్లు. ఈ రెండోవాళ్ల గురించే నా బెంగ. అంకె తప్పని పసిగట్టినవాడు, వేడి పెరగడం కూడా అబద్ధమే అనుకుంటాడు.

మన ఎండల వార్త చూద్దాం. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల దాకా ఎక్కువుంటే వడగాలులు అని వాతావరణ శాఖ లెక్క. 6.4 దాటితే తీవ్ర వడగాలులు. సాధారణంతో పోల్చకుండా చూసినా 45 తాకితే వడగాలులే, 47 తాకితే తీవ్రం. ఇందులో 40, 45, 47 ఉండే అంకెలు. 4.5, 6.4 తేడా అంకెలు. ఒకే వాక్యంలో రెండు జాతులూ కలిసి ఉన్నాయి. ఆ వాక్యాన్ని అమెరికాలో ఉన్న మా బాబాయిగారి అబ్బాయి ఏదో యంత్రం చేత తర్జుమా చేయించుకుని చదివి, సాధారణం కంటే నలభై డిగ్రీలు ఎక్కువట కదా అక్కా, అమ్మానాన్నలను వెంటనే ఏసీ ఉన్నచోటికి మార్చు అని అర్ధరాత్రి ఫోన్ చేశాడు. 4.5ను ఫారన్‌హీట్‌లోకి మార్చేటప్పుడు 32 కూడా కలిపేసింది ఆ యంత్రం. రావాల్సింది 8.1.

సంపాదకులకు నా మనవి పెద్దదేం కాదు. పెరిగింది, తగ్గింది, ఎక్కువ, తక్కువ అన్న మాటలు ఉన్నచోట డిగ్రీ పక్కన సెల్సియస్ అనో ఫారన్‌హీట్ అనో తప్పకుండా వేయండి. 40 డిగ్రీల ఎండకు వేయకపోయినా ఫరవాలేదు, అది ఎవరికైనా తెలుస్తుంది. తేడాకు మాత్రం వేయండి. బయటి దేశాల వార్త తర్జుమా చేసేవాళ్ల బల్ల మీద ఒక చీటీ అంటించండి, తేడాకు 32 లేదు అని. మందుల దుకాణాలవాళ్లు థర్మామీటరు అమ్మేటప్పుడు అది ఏ కొలతలో ఉందో మీట నొక్కి చూపించి ఇవ్వండి, అర నిమిషం పని. డాక్టరుగారికి ఫోన్ చేసే తల్లులు ఎంత తగ్గిందో చెప్పవద్దు. ఇప్పుడు ఎంత ఉందో, థర్మామీటరులో కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు చదవండి. 37 అన్నా డాక్టరుగారు పొరబడరు, 98.6 అన్నా పొరబడరు.

మా తమ్ముడి చల్లగది తలుపు మీద ఇప్పుడు సుద్దతో రెండు వరుసలు రాసి ఉంటాయి. ఎంత ఉండాలి, ఎంత దించాలి. రెండింటి పక్కనా సి అన్న అక్షరం. కాగితంలో ఆ అక్షరం లేకుండా వస్తే వాడు గది తలుపు తీయడు, ముందు ఫోన్ చేసి అడుగుతాడు. మా అమ్మాయి కూడా మారింది. పోయిన వారం, "అమ్మా, ఇక్కడ ఇరవై తగ్గింది, మీ లెక్కలో పదకొండు" అంది. మా అత్తగారు, "పదకొండేనా, స్వెట్టరు వేస్తే చాల్లే" అన్నారు.

ఇంకో నెలలో కోతలు. ఎండలు ముదురుతాయి, మీ మొదటి పేజీలో వాతావరణం డబ్బా మళ్లీ పెద్దదవుతుంది. పొద్దున్నే పేపరు రాగానే నేను ముందు చూసేది అదే. సాధారణం కంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న చోట, ఆ అంకె పక్కన ఏముందో చూస్తాను.